నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి రోడ్డు ప్లాన్ చేసే ఉద్యోగం నిజంగా ఉందా?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అందరిలాగే సీఎస్ఈ అనుకున్నాం, ఇప్పుడేమో రోడ్డు మీద నడిచేవాళ్ళకి సైకిళ్ళకి భయం లేకుండా ఉండేలా ప్లాన్ చేసే పని చేస్తా, దానికి ప్లానింగ్ చదువుతా అంటోంది. వాళ్ళ బాబాయేమో అసలు అలాంటి ఉద్యోగమే లేదు, చదివి ఇంట్లో కూర్చుంటుంది అంటున్నాడు. ఉందా లేదా? ఉంటే ఏం చదివించాలి?

జవాబు: ఉందమ్మా. కాకపోతే మీ మరిది గారు అనేదాంట్లో కూడా కొంచెం నిజం ఉంది, "సైకిల్ ప్లానర్" అని బోర్డు పెట్టుకుని కూర్చున్న ఆఫీసర్ మీకు మన మున్సిపాలిటీలో ఎక్కడా కనపడడు. ఈ పని మన దగ్గర రెండు మూడు కుర్చీల మధ్య చీలిపోయి ఉంది: టౌన్ ప్లానింగ్ వింగ్ ఒకటి, ఇంజనీరింగ్ వింగ్ ఒకటి, ట్రాఫిక్ పోలీస్ ఒకటి, పైన అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. వీళ్ళందరికీ రిపోర్టులు, డ్రాయింగులు తయారుచేసి ఇచ్చేది బయట కన్సల్టెన్సీలు. అమ్మాయి ఏం చదవాలి అనేది ఈ కుర్చీల్లో ఏది కావాలో తేల్చుకున్నాక చెప్పాల్సిన మాట, అందుకని ముందు పని ఎలా ఉంటుందో చెప్తా, తర్వాత చదువు.

అంతకంటే ముందు ఇంకో మాట. పాప ఏదో హాబీ కోసం అడుగుతోందని మాత్రం అనుకోకండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది కేవలం నడుస్తున్నవాళ్ళు, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. సైకిల్ వాళ్ళు వేరే లెక్క. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తున్నారు అని అడిగితే, వ్యవసాయం, ఇంటి దగ్గర చేసుకునే పనులు కాక మిగతా పనివాళ్ళలో నడిచి వెళ్ళేవాళ్ళు అయిదో వంతు పైనే, సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు కూడా అప్పటికి టూవీలర్ వాళ్ళకి కాస్త అటూ ఇటూగా సమానంగా ఉన్నారు. ఇంతమంది వాడే దారి గురించి ఆలోచించే మనిషి మున్సిపాలిటీకి అక్కర్లేదా? చాలా కావాలి, అసలు ఇప్పటికే ఆలస్యం అయిపోయింది అని నా గట్టి అభిప్రాయం.

పాప ఊహల్లో ఉందేమో అని కూడా అనుకోకండి, మీ ఊళ్ళోనే ఒక మొదలు పడింది. 2020లో కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ కింద సైకిల్స్4చేంజ్ ఛాలెంజ్ అని నగరాలకి ఒక పోటీ పెడితే, కరోనా టైమ్‌లో, అందులో పైకి వచ్చిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. దాని తర్వాత స్ట్రీట్స్4పీపుల్ అని ఇంకోటి పెడితే అందులో విజయవాడ ఉంది. చెన్నై కార్పొరేషన్ అయితే 2014లోనే మోటారు లేని రవాణాకి ఒక పాలసీ పెట్టుకుని రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడక, సైకిళ్ళకే అని రాసుకుంది, 2019లో పాండీ బజార్‌లో వెడల్పాటి ఫుట్‌పాత్‌లతో పెడెస్ట్రియన్ ప్లాజా తెరిచింది, మీరు ఎప్పుడైనా చీరలకి వెళ్తే చూసే ఉంటారు. పుణె 2016లో వీధుల డిజైన్‌కి సొంత గైడ్‌లైన్స్ చేసుకుంది. ఇవన్నీ పేపర్ మీద రాసింది, కొలిచింది, గీసింది ఎవరో ప్లానర్లు, ఇంజనీర్లే కదా, వాళ్ళకి జీతాలు వచ్చాయి కదా.

ఇక పని. ఒక జంక్షన్ తీసుకోండి, హన్మకొండ చౌరస్తా లాంటిదే అనుకుందాం. ట్రెయినీగా చేరిన అమ్మాయికి మొదట చేతికి ఇచ్చేది టేపు, కౌంటింగ్ షీట్. ఫుట్‌పాత్ వెడల్పు కొలవాలి, కానీ రాయి నుంచి రాయికి కాదు, మనిషి నిజంగా నడవగలిగేంత ఖాళీ ఎంతో అది. ఐఆర్‌సీ 103 అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఒకటి ఉంటుంది, నడిచేవాళ్ళ సదుపాయాలకి అదే ఆధారం, అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, పైన 2.2 మీటర్ల ఎత్తు దాకా ఏమీ తగలకూడదు, ఫుట్‌పాత్ రోడ్డు కంటే 150 మిల్లీమీటర్లకి మించి లేవకూడదు అంటుంది. కొలిచి చూస్తే ఏమవుతుందంటే కాగితం మీద 2.5 మీటర్ల ఫుట్‌పాత్, దాని మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు పోల్స్, షాపు ముందు మెట్లు, ర్యాంపు, పార్కింగ్ బండ్లు, అన్నీ పోగా మిగిలేది 60 సెంటీమీటర్లు, అది కూడా మోకాలెత్తు. ముసలామె అది ఎక్కలేక రోడ్డు మీదకి దిగుతుంది. మనం ఏమంటాం, జనానికి ఫుట్‌పాత్ వాడడం రాదు అంటాం.

తర్వాత సిగ్నల్ లెక్క. 24 మీటర్ల రోడ్డు దాటాలి, మామూలుగా మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని పెట్టుకుంటారు, అంటే 20 సెకన్లు. అక్కడ పక్కనే గవర్నమెంట్ హాస్పిటల్ ఉంటే వచ్చేది మోకాళ్ళ నొప్పులవాళ్ళు, గర్భిణీలు, వాళ్ళకి 0.8 పెట్టుకుంటే అదే రోడ్డుకి 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్ల కోసం ట్రాఫిక్ పోలీస్ వాళ్ళతో మీటింగ్‌లో కూర్చుని, బండ్ల క్యూ పెరుగుతుంది మేడమ్ అని వాళ్ళంటే, పెరిగితే ఎంత పెరుగుతుందో లెక్క చూపించి ఒప్పించగలగాలి. ఇదీ ఉద్యోగం అంటే. ఇంకో సంగతి, క్రాసింగ్ ఎక్కడ పెట్టాలి అనడానికి పీవీ స్క్వేర్ అని ఒక ఫార్ములా వాడుతూ వచ్చారు, గంటకి రోడ్డు దాటే జనాన్ని బండ్ల సంఖ్య వర్గంతో గుణిస్తారు. బాగానే ఉంది కానీ భయపడి అసలు దాటడం మానేసినవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడ ఉన్నారు? స్కూలుకి నడిచి వెళ్ళాల్సిన పిల్లల్ని భయంతో ఆటో ఎక్కించిన తల్లి ఆ షీట్‌లో ఉండదు. ఈ ప్రశ్న తట్టే అమ్మాయి ఈ ఫీల్డ్‌లో పైకి వస్తుంది, నాకు అందులో డౌట్ లేదు.

డ్రాయింగ్ అయ్యాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ జరపాలంటే కరెంటు వాళ్ళు, కింద పైపు అంటే వాటర్ వాళ్ళు, తోపుడు బండ్లు అంటే 2014 స్ట్రీట్ వెండర్స్ చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ, వాళ్ళని ఊరికే తీసేయడానికి లేదు, తీసేయకూడదు కూడా, మిర్చి బజ్జీ బండి ఉన్న వీధిలో రాత్రి పూట ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. వ్యాపారులేమో షాపు ముందు పార్కింగ్ పోతే గిరాకీ పోతుంది అని కార్పొరేటర్ దగ్గరికి వెళ్తారు. వీళ్ళందరితో ఓపిగ్గా మాట్లాడే మనిషి కావాలి. మీ అమ్మాయి ఎవరితో మాట్లాడకుండా గదిలో సిస్టమ్ ముందు కూర్చునే రకం అయితే చెప్పండి, అప్పుడు నా సలహా మారుతుంది.

సరే, చదువు. రెండు దారులు.

ఒకటి బీ ప్లానింగ్, నాలుగేళ్ళు. మన తెలుగు వాళ్ళకి దగ్గర్లో విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ) ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఢిల్లీ, భోపాల్‌లో కూడా ఎస్పీఏలు ఉన్నాయి. సీటు జేఈఈ మెయిన్ పేపర్ 2బి ర్యాంకు మీద, ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లోనే. ఈ పేపర్‌లో ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉండవు, మ్యాథ్స్, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు. డ్రాయింగ్ ఉండేది ఆర్కిటెక్చర్ వాళ్ళ 2ఎ లో, చాలామంది ఇది కలిపేసుకుని బొమ్మలు వేయడం రాదని భయపడుతుంటారు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) కూడా ప్లానింగ్ ఉంది.

రెండోది బీటెక్ సివిల్, తర్వాత గేట్ రాసి ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్. మీకు ఇంటి పక్కనే ఎన్ఐటీ వరంగల్ ఉంది, అక్కడే ఆ ఎంటెక్ ఉంది. లేదంటే సివిల్ చదివి ఎస్పీఏ ఢిల్లీలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో పీజీకి కూడా వెళ్ళొచ్చు.

నన్ను అడిగితే ఎస్పీఏలో సీటొస్తే కళ్ళు మూసుకుని చేరిపించండి. అది రాకపోతే మాత్రం పేరు తెలియని ప్రైవేట్ కాలేజీలో బీ ప్లానింగ్ వద్దు, మంచి కాలేజీలో సివిల్ తీసుకోండి, ఎందుకంటే మున్సిపాలిటీ ఇంజనీరింగ్ వింగ్‌లో ఏఈ, ఏఈఈ అనే ఇంజనీర్ పోస్టులకి సివిల్ చదువు అడుగుతారు, ప్లానింగ్ డిగ్రీతో ఆ తలుపు తెరుచుకోదు, మన ఊళ్ళల్లో ఫుట్‌పాత్ టెండర్ పిలిచేది, బిల్లు పాస్ చేసేది ఇంజనీరింగ్ వింగే. సివిల్ వాళ్ళు తర్వాత ప్లానింగ్ వైపు రాగలరు, ప్లానింగ్ వాళ్ళు ఇంజనీరింగ్ వైపు వెళ్ళడం కష్టం. ఏ ప్లానింగ్ కోర్సులో చేరినా దానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ ఇండియా గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి.

గవర్నమెంట్ ఉద్యోగం అంటే టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పోస్టులు ఉంటాయి, టీపీబీఓ అంటారు, తెలంగాణలో 2022లో 175 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. ఏపీలో 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అని పోస్టు పెట్టారు. అయితే ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, టీపీబీఓ రోజులో ఎక్కువ భాగం ఇళ్ళ పర్మిషన్లు, సెట్‌బ్యాక్‌లు అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలు, అక్రమ కట్టడాల నోటీసులే, సైకిల్ ట్రాక్ ఊసు రాదు. నోటిఫికేషన్లు కూడా ఏటా రావు, పడితే ఒక్కసారే పడతాయి. అందుకే మొదటి నాలుగైదేళ్ళు ప్రైవేట్ కన్సల్టెన్సీలోనో, నగరాల రవాణా మీద పనిచేసే ఐటీడీపీ, డబ్ల్యూఆర్ఐ లాంటి స్వచ్ఛంద సంస్థల్లోనో చేసి చేతికి పని వచ్చాక గవర్నమెంట్‌కి ట్రై చేయడం మేలు, మున్సిపల్ కార్పొరేషన్లకి, హైదరాబాద్ హెచ్ఎండీఏ లాంటి డెవలప్‌మెంట్ అథారిటీలకి ఈ స్టడీలు చేసిపెట్టేది చాలా వరకు వీళ్ళే. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్‌తో పోలిస్తే తక్కువే ఉంటుంది, ఈ మాట మీ ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి, చేరాక కాదు.

డిమాండ్ పెరుగుతుందా అంటే పెరుగుతుందనే నేను అనుకుంటున్నా. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం ఆర్టికల్ 21 కింద, అంటే జీవించే హక్కు కింద, హక్కే అని చెప్పింది, అదే ఏడాది అక్టోబర్‌లో నడిచేవాళ్ళకి, మోటారు లేని బండ్లకి సంబంధించిన రూల్స్ ఆరు నెలల్లో చేయమని రాష్ట్రాలకి ఆర్డర్ వేసింది. అంతకుముందే 2019 మోటారు వాహనాల చట్టం సవరణలో 198ఎ అని ఒక సెక్షన్ పెట్టారు, రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోతే, కట్టినవాళ్ళు డిజైన్ చేసినవాళ్ళు లక్ష దాకా జరిమానా కట్టాలి. ఇప్పుడు రూల్స్ రాయాలన్నా ఆడిట్ చేయాలన్నా తెలిసిన మనుషులు కావాలి కదా.

ఒక జాగ్రత్త మాత్రం అమ్మాయికి చెప్పండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ వేశారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఆదివారం పొద్దున తొక్కేవాళ్ళకి నిజంగా మంచిది, నాకూ నచ్చింది. కానీ కూకట్‌పల్లిలో నైట్ డ్యూటీ దిగి పాత సైకిల్ మీద రూమ్‌కి పోయే వాచ్‌మన్‌కి దానివల్ల ఏమీ ఒరగలేదు. పాప ఆ వాచ్‌మన్ కోసం పని చేయాలనుకుంటే అది ఫొటోల్లో కనపడని పని, ఒక్కో జంక్షన్ ఒక్కో స్కూల్ గేటు దగ్గర చేసుకుంటూ పోవాల్సిన పని.

ఫారిన్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇంగ్లండ్‌లో లోకల్ కౌన్సిళ్ళు నడక, సైకిళ్ళకి విడిగా ప్లాన్ రాసుకుంటాయి, వాళ్ళకి 2020 నుంచి సైకిల్ ట్రాక్ డిజైన్‌కి ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి, 2022లో యాక్టివ్ ట్రావెల్ ఇంగ్లండ్ అని ఒక ప్రభుత్వ ఏజెన్సీ కూడా పెట్టారు. లీడ్స్ యూనివర్సిటీలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ పీజీకి మంచి పేరు. కానీ డిగ్రీ అవ్వగానే అప్పు చేసి పరిగెత్తొద్దు, ఇక్కడ రెండేళ్ళు టేపు పట్టుకుని తిరిగాక వెళ్తే ఆ చదువు ఒంటబడుతుంది.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది రెండే. జేఈఈ మెయిన్ ఫారంలో పేపర్ 1తో పాటు 2బి కూడా టిక్ పెట్టించండి, ఈఏపీసెట్ ఎలాగూ రాస్తుంది, అది సివిల్‌కి పనికొస్తుంది. ఎగ్జామ్స్ అయ్యాక సెలవుల్లో క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, మ్యాపులు తయారుచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్, మామూలు ల్యాప్‌టాప్ చాలు, మీ ఇంటి నుంచి తన కాలేజీ దాకా ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో మ్యాప్ మీద గుర్తుపెట్టి, వెడల్పులు కొలిచి రాసుకోమనండి. వారం తిరిగేసరికి విసుగొచ్చి వదిలేస్తే సీఎస్ఈ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. పక్క వీధి కూడా కొలుస్తానంటే మీ మరిది గారికి ఆ మ్యాప్ చూపించండి.