శరణు కోరి వచ్చిన కుటుంబాలకు సంఘం ఇల్లివ్వాలంటే: 15 లక్షల లెక్క

ప్రశ్న: మాది గుంటూరు, నల్లపాడు వైపు ఒక చిన్న సంఘం. నేను కోశాధికారిని. చర్చి ఆవరణలో వాడకంలో లేని పాత హాస్టల్ ఉంది, ఐదు పోర్షన్లు చేయొచ్చు. 2023 అల్లర్లలో మణిపూర్‌లో ఇళ్లు పోగొట్టుకున్న నాలుగు కుటుంబాలు, మయన్మార్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన ఒక కుటుంబం తలదాచుకునే చోటు అడుగుతున్నాయి. సంఘం పేరిట ఎఫ్‌డీల్లో 15 లక్షలున్నాయి. నెలనెలా ఇస్తామని సభ్యులు రాసిచ్చిన కానుకలు 22 వేలు. మొత్తం బాగుచేయడానికి మేస్త్రీ 9 లక్షలు అడుగుతున్నాడు. ఉచితంగా ఇద్దామని కొందరు పెద్దలు, అద్దె తీసుకుందామని కొందరు. డాలస్‌లో ఉన్న మా సంఘం పిల్లలు డబ్బు పంపుతామంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి. ఇలాంటి పనులు ఆగిపోయేది గోడలు బాగోలేక కాదు, నాలుగో నెలలో బియ్యానికి డబ్బు లేక. మీ 15 లక్షల్లో 9 లక్షలు కట్టడానికే పోతే మిగిలేది 6 లక్షలు. ఐదు కుటుంబాలకు సామాన్లు, మొదటి ఏడాది సాయం, కరెంటు, వైద్యం అన్నీ అందులోంచే రావాలి. ఒక్క ఆపరేషన్ వచ్చిందంటే లెక్క తలకిందులవుతుంది. కెనడాలో చర్చిలు, స్థానిక బృందాలు శరణార్థి కుటుంబాలను స్పాన్సర్ చేసే పద్ధతి 1979 నుంచి నడుస్తోంది. అక్కడ మామూలుగా 12 నెలల ఖర్చుకు స్పాన్సర్‌దే పూచీ, ఆ డబ్బు ఎక్కడిదో కుటుంబం రాకముందే చూపించాలి. మీ సంఘం కూడా ఈ ఒక్క నియమం పెట్టుకోవాలి: ఒక కుటుంబానికి ఏడాది ఖర్చు విడిగా తీసి పెట్టాకే ఆ కుటుంబానికి తాళం చెవి ఇవ్వాలి.

దానికన్నా ముందు స్థలం కాగితాలు చూడండి. మన దగ్గర చాలా చర్చి ఆస్తుల హక్కు స్థానిక కమిటీ పేరిట ఉండదు, పై సంస్థ పేరిటో ట్రస్టు పేరిటో ఉంటుంది. అలాగైతే హాస్టల్‌ను నివాసానికి ఇవ్వడానికి వాళ్ల లిఖితపూర్వక అనుమతి, మీ కమిటీ తీర్మానం రెండూ కావాలి. కమిటీ ఎన్నికలయ్యాక కొత్తవాళ్లు వచ్చి ‘ఎవరిచ్చారు అనుమతి’ అంటే వీధిన పడేది ఆ కుటుంబాలే.

ఇక లెక్క. ఐదు కాదు, మూడు కుటుంబాలతో మొదలుపెట్టండి. పైకప్పు లీకులు, మొత్తం వైరింగు, సెప్టిక్ ట్యాంకు, మూడు పోర్షన్లకు మరుగుదొడ్లు, వంట గట్లు: ఇంతవరకే మేస్త్రీ చేత అంశాల వారీగా కొటేషన్ రాయించండి. మీరు పంపిన 9 లక్షల కాగితంలో టైల్స్, ముఖద్వారం ఆర్చి, ప్రహరీ రంగులు తీసేస్తే 4 లక్షల 20 వేలలో పని అవుతుంది. అందులో ఊహించని ఖర్చుకు పదిశాతం కలిపే చెబుతున్నాను. పాత కట్టడం గోడ కొడితే లోపల తుప్పుపట్టిన పైపు తప్పక బయటపడుతుంది.

కుటుంబానికి స్టవ్, గ్యాస్ డిపాజిట్, పరుపులు, గిన్నెలు, రెండు ఫ్యాన్లు కలిపి 25 వేలు, మూడు కుటుంబాలకు 75 వేలు. మొదటి మూడు నెలలు నలుగురున్న ఇంటికి నెలకు 11 వేల సాయం: సరుకులు, కూరగాయలు, పాలు 7 వేలు, గ్యాస్, కరెంటు 1,300, మందులు వెయ్యి, బస్సు ఛార్జీలు, ఫోను 1,200, చిల్లర ఖర్చు 500. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఇందులో సగం. ఏడు నుంచి పన్నెండు దాకా బడికీ మందులకూ 2 వేలు చాలు. మూడు కుటుంబాలకు ఏడాది సాయం 1,84,500. జూన్‌లో నలుగురు పిల్లల బడి ఖర్చు 24 వేలు. మోటారు, ట్యాంకు, ఉమ్మడి లైట్లు నెలకు 5 వేలు, ఏడాదికి 60 వేలు. వాళ్ల వెంట ఆఫీసులకూ ఆసుపత్రికీ తిరిగే ఒక మనిషికి నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. ఈ ఖర్చు దండగని పెద్దలు అనొచ్చు, ఒప్పుకోకండి. హిందీ వచ్చి, ఓపికగా క్యూలో నిలబడే మనిషి లేకపోతే మిగతా ఖర్చంతా వృథా. అన్నీ కలిపి 8,59,500. మీ దగ్గర 6,40,500 మిగులుతుంది. అందులో లక్షన్నర వైద్య అవసరాలకు ముట్టుకోకుండా పెట్టండి. మిగిలిన 4,90,500 తర్వాతి రెండు కుటుంబాలది.

కానుకలు 22 వేలని లెక్కలో రాసుకోకండి. రాసిచ్చినంతా ఎప్పుడూ రాదు, 14 వేలే అనుకుని నడపండి.

ప్రతి పోర్షనుకు విడి మీటరు పెట్టించండి. ఒకే మీటరు మీద అన్ని ఇళ్లూ నడిస్తే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి వెళతాయి, అందరికీ ఎక్కువ రేటు పడుతుంది. చర్చి కనెక్షన్ నుంచి ఇళ్లకు తీగ లాగితే ఇంకా ప్రమాదం. ఒక అవసరానికి తీసుకున్న కనెక్షన్‌ను మరో అవసరానికి వాడారని తనిఖీలో జరిమానా వేయొచ్చు.

అద్దె సంగతి. ఉచితంగా ఇవ్వాలన్నవాళ్ల మనసు మంచిదే, కానీ గడువు లేని ఉచితం రెండు వైపులా చెరుపు చేస్తుంది. వాళ్లకు ‘ఎప్పుడు వెళ్లమంటారో’ అనే భయం పోదు, మీకు మరమ్మతుకు డబ్బు రాదు. మెట్లుగా పెట్టండి. మొదటి మూడు నెలలు ఏమీ వద్దు. నాలుగు నుంచి ఆరు దాకా అద్దె వద్దు గానీ, నెలకు వెయ్యి చొప్పున వాళ్ల సొంత పేరిట బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టించండి. ఏడో నెల నుంచి అద్దె 2,500, ఆ వెయ్యి అలాగే సాగుతుంది. రెండో ఏడు అద్దె 4 వేలు. అద్దె, డిపాజిట్ కలిపి ఇంటి ఆదాయంలో 30 శాతం దాటకూడదు. అంటే 12 వేలు వచ్చే ఇంటికి 3,500 సరిపోతుంది, 4 వేల అద్దెకు వెళ్లాలంటే ఆదాయం 17 వేలకు చేరాలి. చేరకపోతే పాత అద్దే ఉంచండి. రెండేళ్లు నిండేసరికి వాళ్ల ఖాతాలో 21 వేలు, పైన వడ్డీ ఉంటుంది. మీ పేటలో రెండు గదుల ఇల్లు 6 వేలకు దొరుకుతున్నా, అడ్వాన్సు, సామాను బండి కలిపి ఒకేసారి కట్టాల్సింది ఇంచుమించు ఆ 21 వేలే. ఇల్లు మారలేక జనం ఆగిపోయేది ఈ మొత్తం దగ్గరే.

రెండో ఏడు మూడు ఇళ్ల అద్దె పూర్తిగా వస్తే 1,44,000. ఉమ్మడి ఖర్చు, సహాయకుడి జీతం కలిపి 1,56,000. తగ్గేది 12 వేలే, కానుకలు దాన్ని సులువుగా మోస్తాయి.

ఇంకొక్క విషయం గుంటూరుకే చెందింది. మిర్చి కోతలప్పుడు పని దండిగా ఉంటుంది, వేసవి సెలవులకు యార్డు మూతపడితే మోత పనివాళ్లకూ, తొడిమలు తీసే ఆడవాళ్లకూ కూలి పడిపోతుంది. ఏటా రెండు నెలలు అద్దె సగమే తీసుకుంటామని ఒప్పందంలోనే రాయండి. దీనితో రెండో ఏడు తగ్గేది 24 వేలవుతుంది, అదీ కానుకలు మోస్తాయి. అప్పుడు వాళ్లు ప్రతిసారీ పాస్టరు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడే పనుండదు. ఒప్పందం పదకొండు నెలలకు, వాళ్లు చదవగలిగే భాషలో, గడువు ముగిస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలో సహా రాయండి. ఆరాధనకు రావాలనే షరతు రాతలోనూ వద్దు, మాటలోనూ వద్దు. తల మీద కప్పు కోసం దేవుణ్ణి ఒప్పుకోమనడం మన విశ్వాసానికే తగదు.

మణిపూర్ కుటుంబాలు భారత పౌరులు, హక్కుగా రావలసినవి చాలా ఉన్నాయి. ఆహార భద్రత రేషన్ కార్డు ఆధార్‌తో కలిపి ఉంటే ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో ఇక్కడి చౌకదుకాణంలోనే మనిషికి 5 కిలోల చొప్పున తీసుకోవచ్చు. నలుగురికి 20 కిలోలంటే మీ సరుకుల బిల్లు అంతమేరా తగ్గుతుంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే వేరే రాష్ట్రంలోనూ ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. జీరో బ్యాలెన్స్ ఖాతా మొదటి వారంలోనే తెరిపించండి. సాయం ఆ ఖాతాలోకే వేయండి, చేతికి నగదు ఇవ్వకండి. నగదైతే ఎవరికెంత ఇచ్చారన్న అనుమానం నెలలోపే సంఘంలో మొదలవుతుంది.

మయన్మార్ కుటుంబం విషయం వేరు. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉన్నా దానితో ఉద్యోగం చేసే హక్కు రాదు. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. కాబట్టి ముందు లాయరును, తర్వాత జిల్లా ఎస్పీ కార్యాలయంలో విదేశీయుల నమోదు చూసేవాళ్లను కలిసి, రాతపూర్వకంగా చెప్పాకే చోటివ్వండి. ఆధార్ చేయిస్తామనే బ్రోకర్లను గేటు దాటనీయకండి, ఆ నేరం కుటుంబాన్నీ సంఘాన్నీ ముంచుతుంది. వీళ్లకు మెట్ల అద్దె పనిచేయదు. ఏడాదికి పూర్తి సాయం, అంటే నెలకు 11 వేల లెక్కన 1,32,000 పక్కన పెట్టుకుని, రెండో విడతలో తీసుకోండి. ఆలోగా వాళ్లున్న చోటే అద్దె కట్టి ఆదుకోవచ్చు.

డాలస్ డబ్బు దగ్గర తొందరపడొద్దు. చూడాల్సింది ఎక్కడున్నారని కాదు, ఏ పాస్‌పోర్టు అని. గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు, ఒక డిక్లరేషన్ తీసుకుని ఫైల్‌లో పెట్టండి. అమెరికా పౌరసత్వం వచ్చినవాళ్లు, ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) వాళ్లు ఇచ్చేది, ఉద్యోగి ఇచ్చినదానికి జతగా అక్కడి కంపెనీ ఇచ్చే సొమ్ము, ఇవన్నీ విదేశీ విరాళాలే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. అనుమతి వచ్చినా ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచి ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అనుమతి ఉన్న మరో సంస్థ ఖాతాలో వేయించుకుని మీకు మళ్లించుకునే దారి 2020 సవరణతో మూసుకుపోయింది. ఎవరైనా ఆ మాట చెబితే వినకండి.

పన్ను గురించి క్లుప్తంగా. మతపరమైన ట్రస్టుకు ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను రాయితీ (పాత చట్టంలో 80జీ) మామూలుగా రాదు. రాయితీ కావాలనే దాతలు ఎక్కువైతే ఏడుగురు సభ్యులతో 2001 సొసైటీల చట్టం కింద విడి సేవాసంస్థ పెట్టుకోవచ్చు, కానీ దాని నియమావళిలో సాయం ఒక మతంవారికే అని రాస్తే పన్ను మినహాయింపే పోతుంది. మొదటి ఏడాది ఈ తలనొప్పి అక్కర్లేదు. మేస్త్రీకి గానీ దుకాణానికి గానీ ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే దాన్ని సేవా ఖర్చుగా లెక్కలోకి తీసుకోరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, పాత నంబర్లతో రాసిన తీర్మానాలను మీ ఆడిటర్‌కు ఒకసారి చూపించండి.

ఎఫ్‌డీలను ఒకే బ్యాంకులో ఉంచకండి, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు 5 లక్షల వరకే. మూడు బ్యాంకుల్లో వేసి, ఒకటి మూడు నెలలకు, ఒకటి ఆరు నెలలకు, ఒకటి ఏడాదికి తీరేలా పెట్టండి. మరమ్మతు డబ్బు మాత్రం పొదుపు ఖాతాలో ఉండాలి. చెక్కు మీద ఇద్దరు సంతకం చేయాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఆరో నెల చివర అందిన కానుకలు, అయిన వైద్యం ఖర్చు ఒక పేజీ మీద రాసి సంఘం ముందు చదవండి. అప్పటికి వైద్య నిధిలో సగమైనా మిగిలి, కానుకలు సగటున 14 వేలు దాటుతుంటే నాలుగో పోర్షను పని మేస్త్రీకి చెప్పొచ్చు.