జలాశయం మీద సోలార్ ప్యానెళ్లు పరిస్తే చేపలు తగ్గుతాయా?

ప్రశ్న: మైలవరం జలాశయంలో లైసెన్సు మీద చేపలు పడుతున్నాను. రామగుండంలో పరిచినట్టు మా నీటి మీద కూడా సోలార్ ప్యానెళ్లు పరిస్తే మా వేట ఏమవుతుంది? విదేశాల్లో సముద్రంలో గాలిమరలు పెట్టాక చేపలు పెరిగాయని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. నమ్మవచ్చా సార్?
– ఒక మత్స్యకారుడు, జమ్మలమడుగు ప్రాంతం, కడప జిల్లా

జవాబు: మీ అబ్బాయి చూపించినది సగం నిజం. 1991లో డెన్మార్క్‌లోని విండెబీ తీరంలో 11 గాలిమరలతో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఉత్తర సముద్రంలో బాగా విస్తరించింది. స్తంభాలకు, వాటి మొదట్లో పోసిన రాళ్లకు ఆల్చిప్పలు పట్టాయి. మేత దొరకడంతో పీతలు, కాడ్ చేపలు చేరాయి. అయితే చాలాచోట్ల ఆ స్తంభాల మధ్యకు ట్రాలర్లను (పెద్ద వలలు ఈడ్చే మరపడవలను) రానివ్వరు. పట్టేవారు లేనిచోట చేప కనబడటంలో వింతేముంది? పైగా స్తంభాలు దిగగొట్టే రోజుల్లో ఆ మోతకు పోర్పాయిస్‌లనే డాల్ఫిన్ వంటి జీవులు సుమారు 20 కిలోమీటర్ల దూరం వరకు తప్పుకున్నట్టు నమోదైంది.

మీ నీటికి ఆ లెక్క కుదరదు. ఇక్కడ అసలు చిక్కు నీడతో. ఎండ తగ్గితే ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, తగ్గుతుంది. పైనీటిలో దాన్నే తిని పెరిగే బొచ్చెకు మొదటి దెబ్బ. శీలావతికి అంత కష్టం ఉండకపోవచ్చు, ప్యానెళ్లను మోసే తేలే డబ్బాలకు పట్టిన పాచిని కూడా అది మేస్తుంది. గాలి తగలక నీరు కలియకపోతే అడుగున ఆక్సిజన్ పడిపోయి, అక్కడే మేసే మోసు చేపకు ఇబ్బంది అవుతుంది. నీరు ఆవిరి కావడం తగ్గుతుందన్న మాట మాత్రం నిజమే. మన ఎండలకు అది చిన్న లాభమేమీ కాదు.

రామగుండంలో 2022లో పూర్తయిన 100 మెగావాట్ల కేంద్రం సుమారు 500 ఎకరాల నీటి మీద ఉంది. మీ దగ్గర ఎవరైనా ‘పది శాతమే కప్పుతాం’ అంటే, ఏ నెల నీటిలో పది శాతమని అడగండి. నిండుగా ఉన్నప్పుడు 3,000 ఎకరాలు పరుచుకునే నీరు మే నెలలో 900 ఎకరాలకు తగ్గిందనుకుందాం. 300 ఎకరాల ప్యానెళ్లు అప్పుడు మూడో వంతు నీటిని కప్పేస్తాయి. నీరు వేడెక్కి ఆక్సిజన్ ఎలాగూ తక్కువగా ఉండే నెల అది. పెన్నకు నీరు ఏటా ఒకేలా రాని మన ప్రాంతంలో నన్ను కలవరపెట్టేది ఇదే.

ప్యానెళ్లు లోతు నీటిలోనే ఉంచాలని, పిల్ల చేపలు మేసే ఒడ్డు వెంట నీటిని, మీ పుట్టి (గుండ్రటి పడవ) తిరిగే దారిని వదలాలని మీ సంఘం తరఫున రాతపూర్వకంగా అడగండి. లంగరు తాళ్లకు గుర్తులు కట్టకపోతే వలలు చిరుగుతాయి.

ఏ రకం చేప ఎన్ని కిలోలు పడిందో ఈ రోజు నుంచే సంఘం పుస్తకంలో రాయించండి. పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ కొలిపించండి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. రేపు నష్టపరిహారం అడిగితే ‘ముందు ఎంత పడేది?’ అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఇప్పుడు వదిలే చేప పిల్లల్లో బొచ్చె వాటా తగ్గించనక్కర లేదు. ప్యానెళ్లు నిజంగా వస్తే అప్పుడు శీలావతి వాటా పెంచుకోవచ్చు.