పంపుకి ఈఎంఐ, కాన్పుకి యాప్ లోన్: రెండూ వద్దు

ప్రశ్న: నాకు ఏడో నెల. మొదటి కాన్పు. విశాఖ మధురవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 42,000. మావారికి 38,000. అద్దె, బండి ఈఎంఐ, చిట్టీ అన్నీ కలిపి నెలకు 55,000 ఖర్చవుతుంది. సీమంతం ఖర్చులు పోగా బ్యాంకులో 70,000 ఉన్నాయి. ఉద్యోగంలో చేరాక కూడా బిడ్డకు నా పాలే పట్టాలని ఉంది. బట్టల లోపల పెట్టుకునే డబుల్ బ్రెస్ట్ పంపు ఒకటి చూశాను. ధర 24,000, 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ, ఆఫర్ ఈ నెలాఖరు వరకే. ఆపరేషన్ అయితే 1,10,000 దాకా అవుతుందని ఆసుపత్రిలో చెప్పారు. కంపెనీ పాలసీలో కాన్పుకి 50,000 వరకే వస్తుంది. అందుకని ఒక యాప్‌లో 1,50,000 లోన్ తీసుకుందామనుకుంటున్నాం. 24 శాతం వడ్డీ, 24 నెలలు. మా అక్క వాడిన పంపు ఉంది కానీ అది వాడొచ్చో లేదో తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: పంపు సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది 70,000 అన్న అంకె చూసి. మీ ఇంటి ఖర్చుతో పోలిస్తే అది నెలా ఎనిమిది రోజుల డబ్బు. కాన్పు రెండున్నర నెలల్లో ఉంది. ఈ సమయంలో మీరు రెండు కొత్త వాయిదాలు నెత్తిన పెట్టుకోవాలనుకుంటున్నారు. తొలి బిడ్డ కోసం ఎదురుచూసే ఇళ్లలో ఈ పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఉయ్యాల, స్ట్రోలర్, పంపు అన్నీ ముందే వచ్చేస్తాయి, అత్యవసర నిధి మాత్రం ఉండదు. బిడ్డ కోసమే కదా అనేసరికి ఇంట్లో ఎవరూ వద్దనలేరు.

ఒక్కసారి లెక్క చూడండి. పంపు ఈఎంఐ 2,000. యాప్ లోన్ వాయిదా సుమారు 7,930. ఈ రెండూ కలిస్తే మీ నెల ఖర్చు 65,000కి చేరుతుంది. కాన్పు తర్వాత ఏ కారణంతోనైనా మీ జీతం ఆగితే, వచ్చేది మీవారి 38,000 ఒక్కటే. నెలకు 27,000 లోటు. ఉన్న 70,000 రెండున్నర నెలల్లో అయిపోతుంది, అదీ ఆసుపత్రికి ఒక్క రూపాయి కట్టకపోతే. 26 వారాలు జీతంతో కూడిన సెలవు ఉంది కదా అంటారేమో. నిజమే, చట్టం ఇచ్చింది, మొదటి ఇద్దరు బిడ్డలకు ఉంది. కానీ బిడ్డకు ఒంట్లో బాగోలేకనో, చూసుకునే మనిషి దొరక్కనో ఆ సెలవును జీతం లేకుండా ఇంకో రెండు మూడు నెలలు పొడిగించుకున్న తల్లులను చాలామందిని చూశాను. ఆ రెండు మూడు నెలల కోసమే అత్యవసర నిధి.

యాప్ లోన్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఆ ఆలోచన ఈరోజే మానేయండి. రెండేళ్లలో 40,000కు పైగా వడ్డీ కడతారు. పైగా 24 శాతం అని చెప్పి ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే అసలు భారం ఇంకా పెరుగుతుంది. ఫోన్లో కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడిగే యాప్ అయితే వెంటనే తీసేయండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం లోన్ యాప్‌లు వాటి జోలికి రాకూడదు. పచ్చి బాలింత ఫోనుకి, ఆమె చుట్టాల ఫోన్లకి రికవరీ వాళ్లు కాల్ చేస్తుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను. అంతగా కావాల్సి వస్తే బ్యాంకులో బంగారం పెట్టి తీసుకోండి, యాప్ జోలికి వెళ్లకండి.

నిజానికి మీకు ఆ అప్పు అవసరమే లేదు. ఇద్దరి జీతాల్లో ఖర్చులు పోగా నెలకు 25,000 మిగలాలి. కాన్పులోపు మూడు జీతాలు పడతాయి కాబట్టి 75,000. ఉన్నదానితో కలిపితే 1,45,000. ఆపరేషనే అయినా, పాలసీ ఇచ్చే 50,000 పోగా మీరు కట్టాల్సింది 60,000. ఇంకా 85,000 చేతిలో ఉంటుంది. ఆరు నెలల ఖర్చు, అంటే 3,30,000 ఉండాలన్నది నా మాట. అది ఇప్పుడు కుదరదు, మీరు ఉద్యోగంలో చేరాక నింపుకోండి. కనీసం ఈ 85,000 జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. చిట్టీ పాడుకోవడం ఆఖరి దారిగా ఉంచుకోండి.

ఆ డబ్బు ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరికి వచ్చిన ఒక జంటకు నెలలు నిండకుండా పాప పుట్టింది. పదకొండు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉంచారు. ఇంట్లో ఈఎంఐ మీద కొన్న సామాన్లన్నీ కొత్తగా మెరుస్తున్నాయి, ఖాతాలో తొమ్మిది వేలున్నాయి. రాత్రికి రాత్రి గాజులు తాకట్టు పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. మీ కంపెనీ పాలసీలో బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, పుట్టాక ఎన్ని రోజుల్లోపు పేరు చేర్చాలి అన్నవి హెచ్ఆర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇద్దరికీ టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, లేకపోతే మీవారి పేరు మీద ముందు తీసుకోండి.

ఇక పంపు. మీరు కాన్పుకి నాలుగు వారాల ముందు సెలవు పెడితే, తర్వాత 22 వారాలు మిగులుతాయి. అంటే ఆఫీసుకి పంపు పట్టుకెళ్లే రోజు ఇంకా ఏడున్నర నెలల దూరంలో ఉంది. ఇప్పుడే కొంటే అప్పటికి ఏడు వాయిదాలు, 14,000 కట్టేసి ఉంటారు. వారంటీ కొన్న రోజు నుంచే నడుస్తుంది కాబట్టి, ఏడాది వారంటీలో సగానికి పైగా పెట్టెలోనే కరిగిపోతుంది. పెట్టె తెరిచాక నచ్చలేదంటే వెనక్కి తీసుకోవడం కష్టం, ఇది శుభ్రతకు సంబంధించిన వస్తువు. రొమ్ముకి ఆనించే గరాటు లాంటి భాగం కొలత కూడా మనిషికో రకంగా ఉంటుంది. కాన్పయ్యి పాలు పడ్డాకే అది సరిగా తెలుస్తుంది. కొలత తప్పితే నొప్పి, పాలు కూడా సరిగా రావు. నో-కాస్ట్ అన్నదీ పూర్తిగా నిజం కాదు. కార్డు కంపెనీ వేసే వడ్డీని అమ్మేవాళ్లు డిస్కౌంటుగా ఇచ్చినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరు.

మొదటి వారాల్లో బిడ్డ నేరుగా తాగడమే ముఖ్యం. పాలు గడ్డకట్టి నొప్పిగా ఉంటే చేత్తో ఎలా పిండుకోవాలో ఆసుపత్రిలో నర్సమ్మను అడిగి నేర్చుకునే రండి, ఖర్చు లేదు. అవసరమైతే చేత్తో నొక్కే మామూలు పంపు వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. బిడ్డను ఎన్ఐసీయూలో ఉంచాల్సి వస్తే మాత్రం కథ వేరు. అప్పుడు మొదటి రోజు నుంచే రోజుకు ఎనిమిది సార్లకు తక్కువ కాకుండా పాలు తీయాలి, దానికి ఆసుపత్రుల్లో వాడే పెద్ద పంపు కావాలి. అది కొనేది కాదు, ఆసుపత్రిలోదే వాడుకోవచ్చా, అద్దెకు దొరుకుతుందా అని అడగండి. ఆ అద్దెకు కూడా ఆ 85,000 లోంచే తీస్తారు.

ఉద్యోగంలో చేరడానికి ఒక నెల ముందు, పాలు మోటారులోకి వెళ్లని క్లోజ్డ్ సిస్టమ్ డబుల్ ఎలక్ట్రిక్ పంపు ఐదారు వేలల్లో చూసి డబ్బిచ్చి కొనండి. వాల్వులు, గొట్టాలు విడిగా దొరికే కంపెనీ చూడండి, ముందు పాడయ్యేవి అవే. మీ అక్కది క్లోజ్డ్ సిస్టమ్ కాకపోతే ఉచితమైనా వద్దు. లోపల చేరిన పాలు ఎంత కడిగినా పోవు. బట్టల లోపల పెట్టుకునేది సదుపాయమే, మీటింగుల మధ్య ఉండేవారికి మరీను. మీరు అది కొనుక్కోవాలంటే ముందు నిధి నిండాలి.

కొనేముందు ఆఫీసులో రెండు విషయాలు కనుక్కోండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం మీ హక్కు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. క్రెష్ దగ్గర్లో ఉంటే మీకు చిన్న పంపు చాలు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలే నిలుస్తాయి, విశాఖ ఉక్కపోతలో ఆ లెక్క నమ్ముకోవద్దు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచవచ్చు. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఐస్ ప్యాకులు పెట్టుకునే సంచి ఒకటి పంపుతోపాటే కొనుక్కోండి.

ఈ నెల జీతాలు పడిన రోజే 25,000 పక్కన పెట్టండి. జీతాలు పడే ఖాతాలో వద్దు, ఇద్దరి పేరు మీదా వేరే ఖాతా తెరవండి. దాని డెబిట్ కార్డు మీవారి దగ్గర ఉండాలి. కాన్పు రోజు ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడేది ఆయనే.