మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో సోడా పోస్తే

ప్రశ్న: సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే తెల్లబడుతుంది కదా. అలాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అనే తెల్లటి యాంటాసిడ్ మందులో ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక) చుక్కలు వేసి ఊదించాను. గులాబీ రంగు పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది, తెలుపు తగ్గనే లేదు. మందు పాతబడిందా?
– ఒక సైన్సు ఉపాధ్యాయిని

జవాబు: మందు బాగానే ఉందండీ. సున్నం లీటరు నీటిలో గ్రామున్నర పైచిలుకు కరుగుతుంది. ఈ మందులోని మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కరిగేది సుమారు 10 మిల్లీగ్రాములే. సీసాలో కనిపించే తెలుపంతా కరగని పొడే. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ముందుగా ఆ కరిగిన కాస్త క్షారాన్నీ హరిస్తుంది, రంగు పోతుంది. అంతలో పొడి మరికొంత కరుగుతుంది, రంగు తిరిగొస్తుంది.

పైగా ఊపిరిలో ఆ వాయువు 4 శాతమే. 5 మి.లీ. మందులో 400 మి.గ్రా. హైడ్రాక్సైడ్ ఉంటుంది. అదంతా బైకార్బొనేట్‌గా మారి కరగడానికి 0.6 గ్రాముల వాయువు కావాలి. ఒక్క బుడగ వృథా కాకపోయినా 8 లీటర్లకు పైగా ఊదాలి! పిల్లల బుగ్గలు నొప్పెడతాయి తప్ప పని కాదు.

అదే వాయువు దండిగా కరిగి ఉన్న సోడా వాడండి. అప్పుడే మూత తీసిన 200 మి.లీ. చల్లని సాదా సోడాలో సిరంజితో 1 మి.లీ. మందు వేసి మెల్లగా కలుపుతూ ఉండండి. తెలుపు క్రమంగా విరిగి తేటపడుతుంది. గ్యాసు పోయిన సోడాగానీ, చెంచాలకొద్దీ మందుగానీ వాడితే తెల్లగానే మిగిలిపోతుంది. మందు కొనేటప్పుడు లేబుల్ చూడండి. చాలా యాంటాసిడ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ కూడా ఉంటుంది, అది సోడాకు లొంగదు. లిక్విడ్ పారఫిన్ కలిపినవీ పనికిరావు.

తేటపడ్డ ద్రవాన్ని సగమయ్యేదాకా మరిగించి చూపించండి. వాయువు పోయి మళ్లీ తెల్లటి మడ్డి కడుతుంది. అది హైడ్రాక్సైడూ కార్బొనేటూ నీరూ కలిసిన లవణం. నీటి తాత్కాలిక కాఠిన్యం (మరిగిస్తే పోయే కాఠిన్యం) పాఠానికి ఇంతకన్నా చవకైన ప్రయోగం లేదు. ఆ ద్రవాన్ని మాత్రం ఎవరినీ తాగనివ్వకండి.

ప్రశ్న: ల్యాబులో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొడి డబ్బా మూత సరిగా పడటం లేదు. పాడవుతుందా?

జవాబు: పొడిగా ఉన్నంతకాలం గాలితో చర్య చాలా నెమ్మది. తేమ తగిలితేనే చిక్కు: రేణువుల మీది నీటిపొరలో కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బొనేట్ తయారవుతుంది. చిటికెడు పొడిని నీళ్లలో తడిపి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేయండి. శుద్ధమైనది బుడగలు లేకుండా కరుగుతుంది; బుసబుస పొంగితే కార్బొనేట్ చేరినట్టే. తడపకుండా వేస్తే పొడిలో చిక్కుకున్న గాలి బుడగలే మోసం చేస్తాయి.