దీపం పెట్టినవాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు

అమ్మాయ్,

రెండో ప్రపంచ యుద్ధంలో పారాట్రూపర్ల కన్నా ముందే చీకట్లో దూకి, వాళ్ళు దిగాల్సిన చోట దీపాలు పెట్టిన పాత్‌ఫైండర్ల గురించి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి విని నువ్వు రాసిన డ్రాఫ్టు చదివాను. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం నేను మర్చిపోతాను, అందుకని రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టు.

మొదటి రెండు పేజీలు తీసెయ్. విమానం తలుపు, ఎర్ర లైటు, పచ్చ లైటు, గాలి హోరు, అమ్మని తలుచుకుని దూకిన కుర్రాడు... చదవడానికి బాగానే ఉంది గానీ అది నువ్వు ఎక్కడో చూసిన సినిమా. ఆ కుర్రాడు దూకే ముందు ఏం తలుచుకున్నాడో నీకు ఎవరూ చెప్పలేదు. ఆయన కూతురు నీకు చెప్పింది వేరు. నాన్న మిలటరీలో లైట్ల పని చేశాడని ఇంట్లో అనేవాళ్ళని, చిన్నప్పుడు వీళ్ళంతా ఆయన సైన్యంలో ఎలక్ట్రీషియన్ అనుకున్నారని, పెద్దయ్యాక ఎప్పుడో పాత సైనికుల కలయికకు పిలుస్తూ ఉత్తరం వస్తే అసలు సంగతి తెలిసిందని. అది తీసుకెళ్ళి తొమ్మిదో పేజీలో పడేశావు! నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఎందుకంటే ఆ మాట అబద్ధం కూడా కాదు. ఆయన చేసింది లైట్ల పనే. నువ్వు రోజూ ఉద్యోగానికి వెళ్ళే హార్వెల్‌లోనే, ఇప్పుడు మీ ల్యాబులూ కార్ పార్కులూ ఉన్న చోటే, అప్పుడు వైమానిక స్థావరం ఉండేది. 1944 జూన్ 5 రాత్రి పదకొండు దాటాక అక్కడి నుంచి ఆరు ఆల్బెమార్ల్ విమానాలు లేచాయి. వాటిలో 22వ ఇండిపెండెంట్ పారాచూట్ కంపెనీ వాళ్ళు, సుమారు 60 మంది. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు, అంటే జూన్ 6న, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దూకాలి. మరో అరగంటలో బ్రిటిష్ 6వ ఎయిర్‌బోర్న్ డివిజన్ అసలు బలగం వెనకే వచ్చేస్తుంది. ఆ అరగంటలో చీకట్లో తాము ఎక్కడ పడ్డారో తెలుసుకోవాలి, తమ పొలం ఏదో పట్టుకోవాలి, దీపాలు ఇంగ్లీషు టీ అక్షరంలా పేర్చాలి, యురేకా అనే రేడియో పెట్టె ఆన్ చేయాలి. పైన విమానంలో ఉన్న రెబెక్కా అనే పరికరం పిలిస్తే కింద యురేకా బదులు పలుకుతుంది, దాన్నిబట్టి విమానంలో వాళ్ళకి దిక్కూ దూరమూ తెలుస్తాయి. ఆ పెట్టె జర్మన్ల చేతికి చిక్కేలా ఉంటే పేల్చెయ్యాలి, అందుకని లోపల ముందే మందు పెట్టి ఉంచేవాళ్ళు. ఈ పనంతా నువ్వు ఒక్క పేరాలో తేల్చేసి ధైర్యం గురించి నాలుగు పేజీలు రాశావు. తిరగెయ్. పని రాయి, చాలు, ధైర్యం సంగతి చదివేవాళ్ళకి వాళ్ళకే తెలుస్తుంది.

ఈ దళం అవసరం ఎందుకొచ్చిందో కూడా నీ రాతలో లేదు. 1943 జూలైలో సిసిలీ మీద దాడప్పుడు చీకటి, గాలి జోరు, రాత్రిపూట ఎగరడంలో అంతగా ఆరితేరని పైలట్లు, అన్నీ కలిసి అమెరికన్ పారాట్రూపర్లు దిగాల్సిన చోటికి మైళ్ళ దూరంలో చెల్లాచెదురయ్యారు. ఆ దెబ్బతోనే వాళ్ళు పాత్‌ఫైండర్లను తయారు చేసుకుని సెప్టెంబర్లో సలెర్నో దగ్గర మొదటిసారి వాడారు. బ్రిటిష్ వాళ్ళకి 21వ ఇండిపెండెంట్ కంపెనీ 1942 నుంచే ఉంది. ఇది నాలుగు వాక్యాలు చాలు, ఇంకా సాగదీయకు, నీ వ్యాసం యుద్ధ చరిత్ర కాదు.

ఇక అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాను. ఆ రాత్రి గురించి చదివేటప్పుడు నీకు ఒక విషయం కనపడే ఉంటుంది, కనపడినా రాయలేదనుకుంటా. బ్రిటిష్ వాళ్ళు దిగాల్సిన చోట్లు మూడు, ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు అక్షరం పేరు. రాన్‌విల్ దగ్గర ఎన్, తూఫ్రెవిల్ దగ్గర కె, వరావిల్ దగ్గర వి. కె కి వెళ్ళాల్సిన పాత్‌ఫైండర్లలో ఒక జట్టు పొరపాటున ఎన్ లో దిగింది. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. నేర్చుకున్న ప్రకారం, ఒక్క తప్పు లేకుండా, కె దీపాలు, కె సంకేతం అక్కడే పెట్టేశారు. వెనక వచ్చిన విమానాలు కొన్ని వాటిని నమ్మి తమ వాళ్ళని అక్కడే దింపేశాయి. నువ్వు కలిసినవాళ్ళలో ఆ జట్టు తాలూకు ఇల్లు ఉంటే ఏం చేస్తావు? మనవడేమో తాతయ్య పతకం చేతిలో పెట్టుకుని, టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, నువ్వేం రాస్తావో అని చూస్తుంటాడు. కొత్తగా రాసేవాళ్ళు ఇలాంటి చోట రెండు పనుల్లో ఒకటి చేస్తారు, దాచేస్తారు లేదా పెద్ద రహస్యం బయటపెట్టినట్టు రాస్తారు. రెండూ వద్దు. పైలట్ ఎక్కడ దింపితే అక్కడ దిగారు, చీకట్లో పొలాలన్నీ ఒకలాగే ఉన్నాయి, తర్వాత ఏం జరిగిందో ఇదీ అని చదునుగా చెప్పు. రాసేముందు ఆ ఇంటివాళ్ళకి చెప్పు, అడగడానికి కాదు, పేపర్లో చూసి తెలుసుకునే పరిస్థితి వాళ్ళకి రాకూడదు కాబట్టి.

ఇలాంటిదే ఇంకోటి. అమెరికన్ పాత్‌ఫైండర్లు ఇంగ్లండ్‌లోనే నార్త్ విథమ్ నుంచి లేచారు. వాళ్ళ విమానం ఒకటి దారిలోనే ఇంగ్లీష్ ఛానల్లో దిగిపోవాల్సి వచ్చింది, అందరినీ ఓడ కాపాడింది. ఆ రాత్రికి వాళ్ళు దూకనే లేదు. నీళ్ళలో తడిసి వెనక్కి వచ్చిన మనిషి కూడా నీకు కావాలి. మా ఆయన దూకలేదండీ అని నసిగే ఇల్లు దొరికితే వదలకు, పతకాల గోడ ఉన్న ఇంట్లో కన్నా అక్కడ నీకు ఎక్కువ దొరుకుతుంది. ఇది నా అభిప్రాయం, అందరూ ఒప్పుకోరు.

ఎవరు ముందు నేల మీద కాలు పెట్టారన్న గొడవ నీ డ్రాఫ్టులో ఒక పేజీ తినేసింది. అమెరికా వాళ్ళు కెప్టెన్ ఫ్రాంక్ లిల్లీమన్ అంటారు, బ్రిటిష్ వాళ్ళు లెఫ్టినెంట్ బాబీ డి లాటూర్ అంటారు, కాదు పెగాసస్ బ్రిడ్జి దగ్గర అర్ధరాత్రి 12 గంటల 16 నిమిషాలకు గ్లైడర్లలో, అంటే ఇంజిన్ లేని విమానాల్లో, దిగినవాళ్ళే అని ఇంకొందరు. తేడా నిమిషాల్లో, గడియారాలు మనుషుల చేతులకున్నవి. నువ్వు జడ్జివి కావు, తీర్పు చెప్పకు. అయితే లిల్లీమన్ గురించి చెబుతాను విను. యుద్ధం అయ్యాక ఆయన న్యూయార్క్‌లోని హోటల్ పెన్సిల్వేనియాకి ఉత్తరం రాశాడు, భార్యతో, చిన్న కూతురితో వచ్చి ఉంటాను, నాకు ఇదిగో ఇలా ఇలా మర్యాదలు జరగాలి అని ఊహించుకున్నవన్నీ జాబితా వేసి. హోటల్ వాళ్ళు సరేనన్నారు! జూన్ 6 గురించి ఆయన మీద ఎన్ని పుటలు రాసినా నాకు మాత్రం ఆ ఉత్తరమే గుర్తుంటుంది. భార్యనీ పిల్లనీ పక్కన పెట్టుకుని ఏం కోరుకున్నాడో అందులో ఉంది.

డి లాటూర్ ఫోటో నీ దగ్గర ఉంది కదా, హార్వెల్‌లో విమానం ముందు నలుగురు ఆఫీసర్లు గడియారాలు సరిచూసుకుంటున్నది. అది సైన్యం ఫోటోగ్రాఫర్ తీసింది, పుస్తకాలన్నిట్లోనూ ఉంటుంది. ఆయన జూన్ 20న చనిపోయాడు, రాన్‌విల్ శ్మశానంలో ఉన్నాడు. దీపాలు పెట్టి ఇంటికి పోయే ఉద్యోగం కాదది, పెట్టాక అందరిలాగే తుపాకీ పట్టుకుని వారాల తరబడి పోరాడాల్సిందే. ఈ మాట నీ రాతలో స్పష్టంగా రావాలి. అందరికీ తెలిసిన ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకోకుండా ఇళ్ళల్లో ఉన్నవి అడుగు. పెళ్ళిది, సెలవులో ఇంటికొచ్చినప్పటిది, వెనకాల పెన్సిల్‌తో ఏదో రాసి ఉన్నది. ముందువైపు కన్నా వెనకవైపు జాగ్రత్తగా స్కాన్ చెయ్. యుద్ధ శ్మశానాల్లో సమాధిరాయి కింద కుటుంబం ఎంచుకున్న చిన్న వాక్యం ఒకటి ఉంటుంది. అది ఎవరు ఎంచారు, తల్లా భార్యా, ఇద్దరికీ పొసిగిందా, అడుగు. బదులు తెలియదంటే అదే రాయి.

బతికున్న వాళ్ళ గురించి. లెక్క నువ్వే వేసుకో, 1944లో ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇప్పుడు నూరు దాటాయి. ఉన్నది అతి కొద్దిమంది. ఆ పెద్దాయన నీకు చెప్పిన మూడు కథలూ ఆయన ఇదివరకు వందమందికి చెప్పి ఉంటాడు, హరిదాసు పిట్టకథ ఎప్పుడూ ఒకే చోట అందుకున్నట్టు ఆయన నవ్వు కూడా ఒకే చోట వస్తుంది. అది తప్పు కాదు, ఎనభై ఏళ్ళు మోసుకురావడానికి ఆయన దాన్ని అలా కట్టుకున్నాడు. నువ్వు మాత్రం ఎవరూ అడగనిది అడగాలి. భయమేసిందా అని అడగకు, ఆ ప్రశ్నకి జవాబు ఆయన దగ్గర రెడీగా ఉంది. ముందు రోజుల్లో ముళ్ళకంచె వేసిన క్యాంపులో బయటికి పోనివ్వకుండా కూర్చోబెట్టారు కదా, అక్కడ తిండి ఎలా ఉండేది? కాలికి కట్టుకున్న సంచిలో ఏమేమి సర్దారు, ఎవరు సర్దారు? దీపానికి బ్యాటరీ ఎక్కడ ఉండేది? చేతులకి గుర్తున్న విషయాలు అడిగితే నోరు కొత్తగా మాట్లాడుతుంది. అలసిపోతే ఆపెయ్. పక్కన కూతురు నాన్నా అది అక్కడ కాదు ఫలానా చోట అని దిద్దుతుంటే ఆ దిద్దుబాటు కూడా రికార్డు చెయ్, చాలాసార్లు కూతురే కరెక్టు, కొన్నిసార్లు ఆమె చదివిన పుస్తకం ఆయన జ్ఞాపకం మీదికి ఎక్కేసి ఉంటుంది.

అందుకే ఒక నోట్‌బుక్కులో రెండు గడులు గీసుకో. ఒకవైపు ఆయన కళ్ళతో చూసింది, ఇంకోవైపు తర్వాత విన్నది, చదివినది, ఇంట్లో చెప్పుకున్నది. నీ డ్రాఫ్టులో ఈ రెండూ కలిసిపోయాయి, నాకు దానిమీదే ఎక్కువ కోపం వచ్చింది. కె పొలం నుంచి నాలుగు మైళ్ళు నడిచాడని కొడుకు చెబితే 'కొడుకు చెప్పాడు' అనే రాయి. రెండు మాటలే కదా, వాటివల్ల వాక్యం పాడైపోదు. ఆ తర్వాత లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళి యూనిట్ వార్ డైరీ చూడు, ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ దగ్గర పాత ఇంటర్వ్యూల రికార్డింగులు ఉన్నాయి, డక్స్‌ఫర్డ్‌లో ఎయిర్‌బోర్న్ మ్యూజియం ఉంది. ట్రైన్‌లో పోయొచ్చే దూరాలే. అమెరికన్ కుటుంబం దగ్గర కాగితాలేమీ లేకపోతే దాస్తున్నారనుకోకు. 1973లో సెయింట్ లూయిస్‌లో రికార్డుల భవనం తగలబడి, 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి బయటికొచ్చిన వాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం పోయాయి. వాళ్ళకి మిగిలింది ఇంట్లో చెప్పుకున్న మాటే.

నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ సంగతి నువ్వు రెండో భాగానికి దాచానన్నావు. మంచిదే, దానికి విడిగా చోటు కావాలి. 1944 సెప్టెంబర్ 17న 12 స్టిర్లింగ్ విమానాల్లో ముందుగా దిగింది 21వ కంపెనీ, దానికి మేజర్ 'బాయ్' విల్సన్, పేరు బాయ్ గానీ వయసు 45. ఆ కంపెనీలో జర్మనీ, ఆస్ట్రియాల నుంచి ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండ్ చేరిన యూదు కుర్రాళ్ళు ఉన్నారు. పట్టుబడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని వెళ్ళారు. అలా పెట్టుకున్న పేరుతోనే సమాధైన వాళ్ళు ఉన్నారు. అక్కడ కుటుంబం ద్వారా రాద్దామంటే కుటుంబమే మిగలని సందర్భాలు వస్తాయి, తల్లిదండ్రులు క్యాంపుల్లో పోయి ఉంటారు, అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. అలాంటి మనిషిని ఏ పేరుతో రాస్తావు? ఆయన ఏ పేరు మీద సంతకం చేశాడో చూడు, తర్వాత బంధువు ఎవరైనా దొరికితే వాళ్ళు ఏమంటారో విను, రెండు పేర్లూ పాఠకుడికి చెప్పు. ఆర్న్‌హెమ్ పక్కనే ఊస్టర్‌బేక్ ఎయిర్‌బోర్న్ శ్మశానంలో ఏటా సెప్టెంబర్లో బడిపిల్లలు ఒక్కో సమాధి దగ్గరా పూలు పెడతారు. 1945 నుంచి నడుస్తోంది. మొదట్లో పూలు పెట్టిన పిల్లలు ఇప్పుడు ముసలివాళ్ళు. రక్తసంబంధం లేకపోయినా ఫలానా సమాధి మాది అని మాట్లాడేవాళ్ళు అక్కడ దొరుకుతారు. వాళ్ళని కూడా కుటుంబం కిందే లెక్కెయ్.

బెల్జియంలో జర్మన్లు అమెరికన్లను చుట్టుముట్టిన బాస్టోన్ ఊరిని మాత్రం ఇందులోకి లాగకు. డిసెంబర్ 23న ఇరవైమంది దూకి యురేకాలు పెడితే ఆ రోజే 241 విమానాలు వచ్చి మందుగుండూ సామగ్రీ పడేసి వెళ్ళాయి, పాత్‌ఫైండర్ల పని అంత చక్కగా కుదిరిన రోజు ఇంకోటి లేదేమో, కానీ నీకు ఆ ఇళ్ళతో పరిచయం లేదు. నీకు తలుపు తీసినవాళ్ళ గురించే రాయి.

అభిమన్యుణ్ణి కూడా తీసెయ్. తెలుగువాళ్ళకి దగ్గరవుతుందని పెట్టావని తెలుసు. ఆయన వ్యూహం ఛేదించడానికి వెళ్ళాడు, వీళ్ళు ఖాళీ పొలంలో దీపం పెట్టి వెనకవాళ్ళ కోసం కూర్చోవడానికి వెళ్ళారు, అసలు పోలికే కుదరలేదు. మనవాళ్ళ ప్రస్తావన తప్పదనుకుంటే నిజంగా ఉన్నది పెట్టు. 1945 మే 1న రంగూన్ నది ముఖద్వారం దగ్గర ఎలిఫెంట్ పాయింట్ మీద భారత సైన్యపు గూర్ఖా పారాట్రూపర్లు దూకారు, అప్పుడూ ముందు కొద్దిమంది దిగి చోటు గుర్తు పెట్టారు. ఒక్క వాక్యం. దాన్ని పట్టుకుని ఇంకో వ్యాసం రాయాలనిపిస్తే అది తర్వాత మాట్లాడదాం.

మనవైపు మిలటరీ మాధవరంలో ఇంటింటికీ ఒక సైనికుడు ఉంటాడంటారు కదా. అలాంటి ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు నేను గమనించింది ఒకటి చెబుతా, నీకు పనికొస్తుంది. మగవాళ్ళు యుద్ధం గురించి చెబుతారు, ఆడవాళ్ళు తారీఖులు చెబుతారు. ఉత్తరం ఆగిపోయిన నెల, మనియార్డరు రాని నెల, ఎవరింట్లో ఏడుపు వినపడిన రోజు. మీ హార్వెల్ పక్కన డిడ్‌కాట్‌లో అయినా అంతే అనుకుంటా. నీ వ్యాసంలో ఆరుగురు మాట్లాడితే అయిదుగురు మగవాళ్ళే. ఆ కూతురి దగ్గరికి మళ్ళీ వెళ్ళు, రికార్డర్ పక్కన పెట్టి, వాళ్ళమ్మ గురించి అడుగు. 1944 జూన్లో ఆవిడ ఎక్కడ ఉంది, ఏం ఉద్యోగం చేసింది, కబురు ఎప్పుడు తెలిసింది, లైట్ల పని అనే మాట ఇంట్లో మొదట అన్నది ఆవిడేనా.

ఈ కొత్త డ్రాఫ్టు వచ్చే నెలాఖరుకి పంపు. ఫోటోల వెనక రాతలు విడిగా పంపు, కొన్ని చేతిరాతలు నీకు అర్థం కాలేదన్నావు, ఇద్దరం కలిసి చూద్దాం. చలికి జాగ్రత్త, మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు