ఎనిగ్మాను ఛేదించింది పోలండా, బ్రిటనా: మీ సందేహానికి సమాధానం

ఒక పుస్తకం జర్మన్ల గూఢలిపి యంత్రమైన ఎనిగ్మాను 1932లోనే పోలండ్ ఛేదించిందనీ, మరొకటి 1940లో బ్రిటిష్ గణితవేత్త ట్యూరింగ్ ఛేదించాడనీ చెబుతున్నందున మీ వ్యాసంలో ఏ సంవత్సరం వేయాలో తేలడం లేదని రాశారు. రెండూ నిజమే, అయితే అవి ఒకే పనిని గురించి చెప్పినవి కావు.

1932 డిసెంబరులో పోలిష్ గణితవేత్త మరియన్ రెయెఫ్‌స్కీ, ఫ్రెంచి గూఢచారి విభాగం అందించిన జర్మన్ పత్రాల సాయంతో, సైనిక ఎనిగ్మాలో అక్షరాలను మార్చే చక్రాల లోపలి తీగల అమరికను గణితంతో రాబట్టాడు. జర్మన్లు ప్రతి సందేశానికీ ఎంచుకున్న మూడక్షరాల కీని (చక్రాల ప్రారంభ స్థానాన్ని) వరుసగా రెండుసార్లు సంకేతీకరించి ముందుగా పంపేవారు కనుక, ఒకటో అక్షరానికీ నాలుగో అక్షరానికీ, రెండోదానికీ అయిదోదానికీ, మూడోదానికీ ఆరోదానికీ తప్పనిసరి సంబంధం ఏర్పడేది. ఆయన పట్టుకున్నది దాన్నే. సైనిక యంత్రం చేతిలో లేకుండా సాధించిన ఈ పనికి సాటి రాగలవి గూఢలిపి చరిత్రలో చాలా అరుదని నా అభిప్రాయం.

1938 డిసెంబరులో మరో రెండు చక్రాలు చేరడంతో, యంత్రంలో మూడు చక్రాలను అమర్చగల వరుసలు 6 నుంచి 60కి పెరిగి, ఆ భారం పోలండ్ వనరులకు మించిపోయింది. 1939 జులైలో వార్సా సమీపంలో పోలిష్ నిపుణులు తమ పరిజ్ఞానాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ ప్రతినిధులకు అప్పగించారు.

బ్రిటన్ గూఢలిపి ఛేదన కేంద్రమైన బ్లెచ్‌లీ పార్క్‌లో ట్యూరింగ్ రూపొందించిన ఛేదన యంత్రం, రెండుసార్లు పంపే ఆ కీపై ఆధారపడలేదు. సందేశంలో ఉండవచ్చని ఊహించిన మాటలతో పనిచేసింది. 1940 మేలో జర్మన్లు కీని రెండుసార్లు పంపడం దాదాపుగా మానేశాక ఆ ముందుచూపు ఆదుకుంది.

కనుక 'తొలి ఛేదన 1932, పోలండ్. ఊహించిన మాటల ఆధారంగా యంత్రాలతో ఛేదన 1940, బ్లెచ్‌లీ పార్క్' అని విడివిడిగా రాయండి. జర్మన్ నావికాదళం కీ పద్ధతి వేరు కాబట్టి దాన్ని ఈ వాక్యంలో కలపకండి.