క్లౌన్‌లు ఎనిమోన్ గడప తొక్కాలంటే

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. అంత డబ్బు పోసి ఎనిమోన్‌ని, అదే వేళ్లలాంటి తీగలతో కుట్టే ఆ సముద్రపు పువ్వులాంటి జంతువుని, ఇల్లుగా తెచ్చిపెడితే ఆ రెండు క్లౌన్‌ఫిష్‌లూ దాని వంక కూడా చూడకుండా పోయి హీటర్ పక్కన పడుకుంటున్నాయని కదా నీ ఏడుపు. మీ అత్తయ్య విని, "గది చూపించిన రోజే కాపురం కుదిరిపోతుందేంటి" అంది. నేను చెప్పాలనుకున్నదీ అదే.

నీవి హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట, పుట్టిన ఆసిలారిస్ రకం క్లౌన్‌లు. వాటి అమ్మమ్మ కూడా ఎనిమోన్‌ని చూసి ఉండదు. పైగా నువ్వు తెచ్చింది బబుల్ టిప్ రకం ఎనిమోన్. సముద్రంలో ఆసిలారిస్‌లు కాపురం పెట్టేది మాగ్నిఫికా అనే ఎనిమోన్‌లోనూ, జైజాంటియా, మెర్టెన్సీ అనే రెండు కార్పెట్ రకాల్లోనూ. బబుల్ టిప్ అసలు మెరూన్ క్లౌన్, టొమాటో క్లౌన్‌ల ఇల్లు. అలాగని పరుగెత్తి మాగ్నిఫికా కొనేయకు, దాన్ని బతికించడం నాకే కష్టమైంది. ట్యాంకుల్లో ఆసిలారిస్‌లు బబుల్ టిప్‌నీ ఒప్పుకుంటాయి, కాకపోతే వాటికి బుద్ధి పుట్టినప్పుడు. నా దగ్గర ఒక జత మూడో రోజే దూరింది, ఇంకో జతకి ఏడు నెలలు పట్టింది. షాపువాడు చవగ్గా కాండిలాక్టిస్ అనే ఎనిమోన్ ఇస్తానంటే మాత్రం వద్దను. అది అట్లాంటిక్ వైపుది, ఆ సముద్రంలో క్లౌన్‌ఫిష్‌లే లేవు.

ముందు చేపల సంగతి పక్కనపెట్టి ఎనిమోన్‌ని కుదుటపడనీ. నీ ట్యాంక్ పెట్టి ఐదు నెలలే అయింది, నన్నడిగితే ఏడాది ఆగమనేవాణ్ణి, ఎలాగూ తెచ్చేశావు కాబట్టి ఇక నీళ్లు చూసుకో: ఉప్పదనం (స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో) 1.025 దగ్గర కదలకుండా ఉండాలి, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు, ఆర్వో డీఐ నీళ్లే, అంటే ఫిల్టర్‌తో పూర్తిగా శుద్ధి చేసినవే. హైదరాబాద్ ఎండల్లో కరెంటు పోతే ట్యాంక్ ఎంత తొందరగా వేడెక్కుతుందో నీకు ఏప్రిల్‌లో తెలుస్తుంది, బ్యాటరీ ఎయిర్ పంపు ఇప్పుడే కొని పెట్టుకో. నోరు బిగించి ఉండి, వేళ్లు జిగురుగా అంటుకుంటూ, పాదం రాయి సందులో గట్టిగా పట్టుకుని ఉంటే అది బాగున్నట్టే. నచ్చకపోతే లేచి నడుస్తుంది, నడవనీ. పాదం పట్టుకుని మాత్రం లాగకు, చిరిగితే చాలాసార్లు ఇక కోలుకోదు. చోటు మార్చాల్సిందేనంటే అది పట్టుకున్న రాయితో సహా జరుపు.

ఆ నడకే నా కొంప ముంచింది. ఒక రాత్రి నా మొదటి ఎనిమోన్ నడుచుకుంటూ పోయి వేవ్‌మేకర్‌లో, అదే ట్యాంక్‌లో నీళ్లు తిప్పే ఫ్యాన్‌లో, పడింది. పొద్దున లేచి చూస్తే ట్యాంక్ నిండా పలచటి పాలు పోసినట్టుంది, వాసన హాల్ దాకా వచ్చింది, ఆరు చేపలు పోయాయి. దానికి ముప్పై రూపాయల స్పాంజి కట్టి ఉంటే సరిపోయేది.

అది రెండు మూడు వారాలు ఒకేచోట నిలబడ్డాక చేపల పని పట్టు. చేపలు రాత్రి నిద్రపోయే మూలకి దగ్గరగా ఎనిమోన్ ఉంటే సగం పని అయిపోయినట్టే. వాటి మేత ఎనిమోన్ పక్కనే వెయ్యి, రొయ్య ముక్క గోరంత కోసి వారానికోసారి ఎనిమోన్‌కీ పెట్టు. అద్దం పెడితే వస్తాయని, ఎనిమోన్‌లో దూరిన చేపల ఫొటో గాజుకి అంటిస్తే చూసి నేర్చుకుంటాయని చెప్తారు. నేనూ అంటించాను, మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. నాకు పనిచేసింది బుట్ట. కూరగాయలు కడిగే ప్లాస్టిక్ చిల్లుల బుట్ట కొత్తది, సబ్బు తగలనిది తీసుకుని, లైట్లు ఆపాక చేపలతో సహా ఎనిమోన్ మీద బోర్లించు, లోపల అవి తిరగడానికి చోటుండాలి, నీళ్లు ధారాళంగా ఆడాలి. రెండు రాత్రులు చూడు, కుదరకపోతే తీసేసి మళ్లీ నెలకి ప్రయత్నించు. ఇక రోజూ వలతో తరిమి దాని మీదకి తోలడం మానెయ్, ఆ టెన్షన్‌కే చేప జబ్బు పడుతుంది. ఎప్పటికీ దూరకపోయినా వాటికొచ్చిన నష్టమేమీ లేదు, ఎనిమోన్ లేకుండా హాయిగా ఏళ్లకేళ్లు బతుకుతాయి. బాధంతా మనదే.

మొదట పెద్దది, అంటే ఆడది, వస్తుందని నా లెక్క. కింది రెక్క కొసతో ఒక వేలిని తాకి, షాక్ కొట్టినట్టు వెనక్కి దూకుతుంది. మళ్లీ వస్తుంది. తోక రాస్తుంది, పొట్ట రాస్తుంది, అలా ఒంటికి ఆ జిగురు అలవాటయ్యాక ఉన్నట్టుండి లోపలికి ఒరిగి పడుకుంటుంది. అప్పుడు సంబరంలో లైట్ వేసి వీడియో తియ్యకు.

ఇంతకీ వేవ్‌మేకర్‌కి స్పాంజి కట్టావా లేదా? ఈ రాత్రికే చెప్పు.

మీ మావయ్య